కెనడాలో విన్నిపెగ్ వెళ్ళే పిల్లలకి ఇంజన్ హీటర్ గురించి చెప్పాల్సింది మనమే

డిసెంబర్లో భీమవరంలో మన సంఘం పెట్టిన సెండాఫ్ మీటింగ్‌కి మీలో చాలామంది వచ్చారు, రానివాళ్ళు గ్రూపులో ఫోటోలు చూసే ఉంటారు. జ్యోతి ప్రజ్వలన, ఈసీ (కార్యవర్గం) వాళ్ళకి శాలువాలు, ఆర్‌వీపీ (ప్రాంతీయ ఉపాధ్యక్షుడు) గారి స్పీచ్, జనవరి ఇన్‌టేక్‌కి వెళ్ళే పిల్లలకి కిట్లు, అన్నీ పద్ధతిగానే జరిగాయి. ప్రశ్నలు అడగమన్నప్పుడు వెనక వరసలోంచి రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక రైతుగారు లేచి, "మా అబ్బాయి విన్నిపెగ్ వెళ్తన్నాడండి, అక్కడ మైనస్ 30 అంటన్నారు, ఆ చలికి బండి ఇంజన్ అందుకుంటదాండి? దానికేం చేస్తారండి?" అని అడిగారు. మైకు పట్టుకున్నాయన నవ్వేసి "మీవాడు వెళ్ళేది చదువుకండీ, మెకానిక్ పనికి కాదు, మంచి జాకెట్ కొనిపెట్టండి చాలు" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. ఆయన భుజం మీద తువ్వాలు సర్దుకుని కూర్చుండిపోయారు. ఆ తర్వాత ప్రశ్న ఆవకాయ చెక్-ఇన్ బ్యాగులో ఎలా కట్టాలని, దానిమీద మాత్రం చాలాసేపు మాట్లాడుకున్నాం.

నాకు చాలా బాధేసింది. గోదారోళ్ళ ఎటకారం అంటే నాకూ ప్రాణమే, కాలవ గట్టు మీద ఈడువాళ్ళ మధ్య అది ఎంత ముద్దుగా ఉంటదో, నలుగురిలో మైకు పట్టుకుని ఒక తండ్రి మీద వేస్తే అంత చెడ్డగా ఉంటది. పైగా ఆయన ఊరికే అడగలేదు. టీల దగ్గర పలకరిస్తే "రేపు మా చెరువుల కాడికి రండి బాబూ, తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నారు, మాది పాలకొల్లే కాబట్టి మర్నాడు పొద్దున్నే చించినాడ వంతెన దాటి వెళ్ళాను. వనామి చెరువులు, గట్టు మీద కొబ్బరిచెట్లు, ఏరియేటర్లు తిరుగుతున్నాయి, రేకుల షెడ్డులో డీజిల్ జనరేటర్. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోద్ది, సరిగ్గా అప్పుడు కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే రొయ్య పైకి తేలిపోద్ది, అప్పు చేసి వేసిన పంట తెల్లారేసరికి ఉండదు. అందుకే ఆయన పడుకోబోయే ముందు బ్యాటరీ టెర్మినల్స్ ఓసారి చూసుకుంటారు, కరెంటు ఉన్నా సరే మధ్యమధ్యలో జనరేటర్ని ఉత్తినే ఆన్ చేసి చూస్తారు. ఇంజన్ అందుకోకపోతే ఏమవుద్దో ఆ రోజు హాల్లో ఉన్న అందరికన్నా తెలిసిన మనిషి ఆయనే.

ఆ షెడ్డులోనే కూర్చుని నాకు తెలిసింది చెప్పాను. మన డెల్టాలో చలి అంటే రాత్రి 17, 18 డిగ్రీలు. విన్నిపెగ్‌లో జనవరి రాత్రులు మామూలుగానే మైనస్ 20 దగ్గర ఉంటాయి, మైనస్ 30 దాటే రోజులూ వస్తాయి. ఆయన వెంటనే "పండగ ముందు కొబ్బరినూనె సీసాలో గడ్డకడితే ఎండలో పెట్టుకుంటాం కదండీ, ఇంజనాయిలు కూడా అలా అవుద్దన్నమాట" అన్నారు. అంతేనండి అన్నాను. ఆయన జనరేటర్లో పోసే 15డబ్ల్యూ-40 ఆయిల్‌ని, చలిలో ఇంజన్ని తిరగనిస్తుందా లేదా అని మైనస్ 20 దగ్గర టెస్ట్ చేస్తారు, అక్కడ మనం వాడే 0డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 35 దగ్గర. బ్యాటరీ సంగతి ఇంకా ఘోరం, మైనస్ 18 వచ్చేసరికి దాని సత్తువ దాదాపు సగానికి పడిపోద్ది, ఇంజనేమో తిరగడానికి ఇంకా ఎక్కువ అడుగుద్ది. బ్యాటరీ మీద సీసీఏ అని రాసుండే నంబర్ ఇదే, మైనస్ 18లో 30 సెకన్ల పాటు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పేది.

దీనికి మందు బ్లాక్ హీటర్, అంటే బండి ఆగి ఉన్నప్పుడు కరెంటుతో ఇంజన్ని వేడిగా ఉంచే హీటర్. దాన్ని కనిపెట్టినాయన మనకి దూరపాయన కూడా కాదు, విన్నిపెగ్ నుంచి అమెరికా బోర్డర్ దాటితే వచ్చే గ్రాండ్ ఫోర్క్స్‌లో పల్లెలకి కరెంటిచ్చే కోఆపరేటివ్ మేనేజర్, ఆండ్రూ ఫ్రీమన్. రాగి గొట్టం ముక్క, పాత ఇస్త్రీపెట్టె ఎలిమెంటు పెట్టి మొదటిది చేసుకున్నారు, 1949లో పేటెంట్ వచ్చింది. ఇది చెప్తే రైతుగారి మొహం వెలిగిపోయింది.

ఇక పిల్లలకి చెప్పాల్సింది. కార్లకి ఎక్కువగా పెట్టేది ఇంజన్ బ్లాక్‌లో ఫ్రాస్ట్ ప్లగ్ (బ్లాక్ కన్నానికి ఉండే మూత) తీసి ఆ కన్నంలో బిగించే రకం, కూలెంట్‌లో (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) మునిగి ఉంటది, సుమారు 400 వాట్లు, దాని వైరు ముందు గ్రిల్ లోంచి బయటికి వేలాడుతుంటది. మన ఇంజన్‌కి ఏది సరిపడుద్దో అదే కొనాలి, దగ్గర దగ్గరగా ఉంది కదా అని వేరేది పెడితే కారుద్ది. చెయ్యి దూరని ఇంజన్లకి కింద రేడియేటర్ గొట్టంలో పెట్టేది ఉంది, ఆయిల్ పాన్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద అతికించే సిలికాన్ ప్యాడ్ ఉంది, రెండూ పనికొస్తాయి. అయస్కాంతంతో అంటుకునేది అల్యూమినియం పాన్‌కి అంటుకోదు. డిప్‌స్టిక్ బదులు దూర్చేది చవగ్గా దొరుకుద్ది కానీ దాన్నుంచి వచ్చే వేడి ఏ మూలకీ చాలదు, నేనైతే ఎవర్నీ కొననివ్వను.

బిగించడం తెలిసినవాళ్ళ చేత చేయించుకోవడం మంచిది. చల్లారిన ఇంజన్లోంచి కూలెంట్ దింపి, ప్లగ్ తీసి, కన్నం శుభ్రంగా తుడిచి, ఓ-రింగ్‌కి గ్రీజు రాసి బిగించి, మళ్ళీ కూలెంట్ పోసి గాలి పూర్తిగా తీసెయ్యాలి. గాలి ఉండిపోయినా, కూలెంట్ పొయ్యకముందే టెస్ట్ చేద్దామని ప్లగ్ పెట్టినా ఎలిమెంట్ కాలిపోద్ది. కూలెంట్ సగం, నీళ్ళు సగం ఉంటే మైనస్ 37 దాకా గడ్డకట్టదు, చిక్కగా ఉంటే మంచిదని నీళ్ళు కలపకుండా పోస్తే కూలెంట్‌లో ఉండే ఆ గ్లైకాల్ మైనస్ 13కే గడ్డకడుద్ది. వైరుని సైలెన్సర్ గొట్టానికీ ఫ్యానుకీ తగలకుండా కట్టెయ్యాలి. పాత బండి కొంటే వైరు రెండు పిన్నుల మధ్య మీటర్ పెట్టి చూడండి, 120 వోల్టుల 400 వాట్ల హీటర్ బాగుంటే 36 ఓమ్స్ దగ్గర చూపిస్తుంది, ఏమీ చూపించకపోతే అది చచ్చిపోయినట్టే. బయట వాడే మూడు పిన్నుల మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరే వాడాలి. రాత్రంతా వదిలెయ్యక్కర్లేదు, బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు ఆన్ అయ్యేలా టైమర్ పెడితే సరిపోద్ది. అలాగే తలుపులు వేసిన గరాజ్‌లో బండి ఆన్ చేసి వేడెక్కించడం అనే పని మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దని ప్రతి పిల్లాడికీ చెప్పాలి, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా చంపేస్తుంది.

జాకెట్ చాలన్న ఆ మైకు పట్టుకున్నాయన మాటలోనూ న్యాయం ఉంది. కొత్త పెట్రోల్ కార్లు, బ్యాటరీ బాగుండి సరైన ఆయిల్ ఉంటే, మైనస్ 25లో కూడా హీటర్ లేకుండానే చాలావరకు అందుకుంటాయి. బస్సులున్నాయి, చాలా అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ దగ్గర ప్లగ్గులున్నాయి, ఒక్క మీటింగ్‌లో అన్నీ చెప్పలేం. కానీ మన పిల్లలు కొనేది కొత్త కార్లా? టొరంటో పక్కనున్న బ్రాంప్టన్ వైపు నుంచి ఎవరో తెచ్చి అమ్మే పాత బండి, చాలావాటికి హీటరే ఉండదు, ఉందో లేదో చూసుకోవాలని కూడా వాళ్ళకి తెలీదు. నైట్ షిఫ్ట్ అయ్యాక ఖాళీ పార్కింగ్‌లో, మైనస్ 35లో, ఫోన్ చార్జింగ్ కూడా అయిపోయి, బండి టిక్ టిక్ మని ఆగిపోతే ఏం చేస్తాడు? గాలి కూడా తోడైతే పది నిమిషాల్లోపే ముక్కూ వేళ్ళూ గడ్డకట్టడం మొదలవుద్ది. ఇరవై రకాలు వడ్డించి పంపే వాళ్ళం, ఈ ఒక్క సంగతి చెప్పి పంపలేమా?

అందుకే ఈసీకీ, బీఓటీ (ట్రస్టీల బోర్డు) పెద్దలకీ చేతులు జోడించి అడుగుతున్నా. కిట్‌లో ఇచ్చే పుస్తకంలో దీనికి ఒక పేజీ తెలుగులో వెయ్యండి. శాలువాల ఖర్చు కొంచెం తగ్గించి, చలి ముదరకముందే, అక్టోబర్లో ఒక శనివారం అక్కడ ముందే స్థిరపడినవాళ్ళు కొత్త పిల్లల బండ్లు చూసిపెట్టే ఏర్పాటు చెయ్యండి. సంక్రాంతి సంబరాలకి హాలు బుక్ చేసేటప్పుడు పార్కింగ్‌లో ప్లగ్గులున్నాయా, వాటికి కరెంటు ఇస్తారా అని ముందే అడగండి. మైకు పట్టుకున్నాయన ఆ రైతుగారికి ఒక ఫోన్ చెయ్యాలి, నంబర్ నేనిస్తాను. విన్నిపెగ్‌లో రెండు కార్లు పట్టే గరాజ్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఆ శనివారానికి ఇస్తామంటే నాకు చెప్పండి, మీటరూ టైమర్లూ నేను తెస్తాను.