వార్తకీ రేటేనా?

ఎన్నికలొస్తే చాలు, పేపర్లో ఒకే పేజీలో పైన ఒకరికి ‘జన నీరాజనం’, కింద ఆయన ప్రత్యర్థికీ అదే! ప్రకటన అన్న మాట ఎక్కడా ఉండదు. ఏది నమ్మాలి? 2009 ఎన్నికల పెయిడ్ న్యూస్ (డబ్బు తీసుకుని వార్తలా వేసే ప్రచారం) మీద, పత్రికల తీరుకు కాపలా ఉండే ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘం (మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి అందులో సభ్యుడు) పేర్లతో సహా నివేదిక ఇస్తే, కౌన్సిలే తొక్కిపెట్టింది. 2011లో సమాచార హక్కు చట్టం కింద గానీ అది అధికారికంగా బయటికి రాలేదు. కాపలా ఉన్నవాళ్లే దాస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?

మండల విలేకరి బతుకు చూడండి. జీతం ఉండదు, లైన్ అకౌంట్ (అచ్చయిన వార్త లైన్లను లెక్కగట్టి ఇచ్చే డబ్బు) పెట్రోలుకే చాలదు, పండగ పండక్కీ యాడ్స్ టార్గెట్ ఒకటి! పొద్దున సర్పంచ్‌ని యాడ్ అడిగినవాడు సాయంత్రం ఆయన ఇసుక దందా ఎలా రాస్తాడు? తెగించి రాసే చిన్న వెబ్‌సైట్లకు నెలకు వంద చందా కట్టడానికి మనకేమో చేతులు రావు.