మెత్తదనం మీద గుత్తాధిపత్యం చెల్లదు

టిష్యూ కాగితం తయారీ విధానాలపై పెద్ద కంపెనీల మధ్య నడిచే పేటెంటు తగాదాలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు పట్టనివని అనుకోవడం పొరపాటు. టిష్యూ పైపొరకు నునుపునిచ్చే పొట్టి పీచు జామాయిల్ కలప నుంచి వస్తుంది. ఆ కలపను మెట్ట భూముల్లో పెంచి మిల్లులకు అమ్ముతున్నవారిలో మన రైతులూ ఉన్నారు.

తడి కాగితాన్ని రోలర్ల మధ్య గట్టిగా పిండకుండా, జాలీ బట్ట మీద ఉంచి, దాని గుండా వేడిగాలిని పంపి ఆరబెట్టే పద్ధతికి ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ 1967లో అమెరికా పేటెంటు పొందింది. పీచు అణిగిపోదు కనుక కాగితం గుల్లగా, మెత్తగా వస్తుంది. తరువాత మరో కంపెనీ కింబర్లీ క్లార్క్ కూడా వేడిగాలినే వాడింది గాని, సిలిండరుకు అంటుకున్న కాగితాన్ని బ్లేడుతో గీకి ముడతలు తెప్పించే అంచెను వదిలేసి, వేగంగా కదిలే జాలీ నుంచి నెమ్మదిగా కదిలే జాలీ మీదికి దాన్ని మార్చి సాగే గుణం రాబట్టింది. ఒకే మెత్తదనానికి రెండు మార్గాలున్నాయని ఇంతకంటే స్పష్టంగా ఎవరు నిరూపించగలరు?

విధానం మిల్లు గోడల వెనుక దాగి ఉంటుంది కనుక కాపీని రుజువు చేయడం కష్టమని పేటెంటు హక్కుదారులు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. మన పేటెంట్ల చట్టంలోని 104-ఏ సెక్షన్ కొన్ని సందర్భాల్లో రుజువు భారాన్ని, అంటే తన విధానం వేరని నిరూపించే బాధ్యతను, ప్రతివాదిపైకి మార్చేది అందుకే.

అయితే తన విధానంతో నేరుగా వచ్చే వస్తువూ ప్రతివాది వస్తువూ అచ్చంగా ఒకటేనని హక్కుదారు ముందుగా రుజువు చేయాలని అదే సెక్షన్ చెబుతోంది. చేతికి మెత్తగా తగలడం ఆ రుజువు కాజాలదు. పైగా టిష్యూ మూగ వస్తువేమీ కాదు: బ్లేడు తెచ్చిన ముడతలు, జాలీ ముద్రలు సూక్ష్మదర్శిని కింద కనిపిస్తాయి. ఆ పరీక్ష కూడా చేయించకుండా కోర్టుకు వచ్చినవారి కోసం ఒక చిన్న మిల్లును తన లోగుట్టు విప్పమనడం అన్యాయం.

1970 చట్టం మందుల విషయంలో ఉత్పత్తికి పేటెంటు నిరాకరించి, తయారీ విధానానికే పరిమితం చేసింది. 2005 దాకా సాగిన ఆ ఏర్పాటు వల్లనే మన రసాయన శాస్త్రవేత్తలు ఒకే మందుకు వేరే దారులు వెతికారు; అలా ఎదిగిన పరిశ్రమలో శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలోని మందుల ఫ్యాక్టరీలు కూడా భాగమే. వేరే దారి వెతికే ఆ హక్కు కాగితానికీ ఉండాలి. కలప లారీల్లో తరలిపోవడం, సరుకు ప్యాకెట్లలో తిరిగి రావడం ఉత్తరాంధ్రకు విధిరాత కాదు. 1967 నాటి పేటెంటు గడువు ఏనాడో తీరింది, ఆ పద్ధతి ఇప్పుడు అందరిదీ. అలా గడువు తీరిన పేటెంటు పత్రాల సారాంశాలను తెలుగులో రాయించి, రెండు జిల్లాల పరిశ్రమల కేంద్రాల్లో ఔత్సాహికులకు అందుబాటులో ఉంచే పనిని ప్రభుత్వం వెంటనే చేపట్టాలి.