గోత్రం అడిగితే ఓటీపీ

వ్రతం మొదలవకముందే గృహస్థు ఫోన్‌లో మోత ఆపే ‘డూ నాట్ డిస్టర్బ్’ నొక్కి, లాల్చీ జేబులో పడేసి పీటల మీద కూర్చున్నాడు. గ్యాస్ బండ ఆవేళే వస్తుందన్న సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

ఫోన్‌కి అర్జెంటంటే ఏమిటో తెలీదు. దానికి తెలిసిందల్లా లెక్క. ‘రిపీట్ కాలర్స్’ ఆన్‌లో ఉంటే, ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లో రెండో కాల్ వచ్చిందంటే ఆండ్రాయిడ్ తలుపు తీసేస్తుంది. ఐఫోన్‌కి ఆ గడువు 3 నిమిషాలే. డెలివరీ కోడ్ మాత్రం ఎస్సెమ్మెస్. పాపం, నోరు మూసుకుని పడుంటుంది.

బండ కుర్రాడి మొదటి కాల్ గాల్లో కలిసింది. రెండోది సరిగ్గా సంకల్పం దగ్గర మోగింది. కుడి గుప్పిట్లో అక్షతలు, ఆ గుప్పిటకి ఆనించిన భార్య చెయ్యి. ఎడంచేత్తో ఎడం జేబులోంచి ఫోన్ తియ్యడం ఎంత విద్యో పట్టుపంచె కట్టుకుని చూస్తే తెలుస్తుంది. మేనల్లుడే లాగి, తెర మొహానికి పెట్టాడు. పైన ‘ఆకలేస్తోందా? బిర్యానీ సగం ధరకే’, అదీ ఉపవాసం ఉన్నవాడికి! దాని కింద ‘చివరి అవకాశం, మీ లోను సిద్ధం’. ఇంకా కింద, ఎక్కడో పాతాళంలో, కోడు. వీధిలోంచి “కోడ్ చెప్పండి సార్!” అన్న కేక, ఎదురుగా “గోత్రం చెప్పండి” అన్న పంతులుగారి గొంతు కలిసే వచ్చాయి.

“నాలుగు సున్నా ఏడు ఒకటి.”

పంతులుగారు ఊపులో ఉన్నారు. “నాలుగు సున్నా ఏడు ఒకటి గోత్రోద్భవస్య...” అనేశారు.

దీనికి మందు లేకపోలేదు. ఆఫర్ నోటిఫికేషన్‌ని వేలితో నొక్కిపట్టి, ‘ప్రమోషన్స్’ ఆపేసి ‘ఆర్డర్స్’ ఉంచుకోవచ్చు. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ఛానెళ్లు, అంటే ఒక్కో యాప్ నోటిఫికేషన్లకి విడివిడి గదులు, ఇందుకే. కానీ ఏ కబురు ఏ ఛానెల్లో వెయ్యాలో తేల్చేది యాప్‌వాళ్లు. వాళ్లు బిర్యానీని ‘ఆర్డర్స్’లో దూరిస్తే మీరేం చేస్తారు? డూ నాట్ డిస్టర్బ్‌లో మెసేజింగ్ యాప్‌కి మినహాయింపు ఇచ్చారనుకోండి, కోడ్ వెనకాలే లోనువాళ్లూ మోగుతూ వస్తారు. నోటిఫికేషన్లు ఏ పూటకాపూట తుడిచెయ్యడం కాస్త మేలు. ఈయన నెలల తరబడి తుడవలేదు.

వీధిలోంచి మళ్లీ కేక. “సార్, ఇది పోయినసారి బండ కోడు!”