మోజు నాది, కుదుపులు ఇంట్లోవాళ్ళవి

“కారు కొంటానని చెప్పి జీపు కొనుక్కొచ్చాడు.” మా అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పిన మాట ఇది. బండి వచ్చి పద్నాలుగు నెలలైంది. ఆవిడ ఇప్పటికీ ఆ మాట మీదే ఉంది.

అమ్మ తప్పేం లేదు. మా పల్నాడు వైపు డబ్బాలా నిలువుగా ఉండి, వెనక తలుపుకి స్టెప్నీ వేలాడితే అది ఏ కంపెనీదైనా జీపే. మొదటిసారి ఊరికి తీసుకెళ్ళినప్పుడు రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన లేచి బండి చుట్టూ ఒక రౌండు కొట్టి, “ఎలక్షన్లు ఇప్పట్లో లేవు గదరా అబ్బాయ్?” అన్నాడు. ఇంకొకాయన జిప్సీ అనుకున్నాడు. ఆయన చెప్పింది మరీ తప్పు కాదు. 1985లో వచ్చి, మూడు దశాబ్దాలకు పైగా పోలీసులకీ, మిలిటరీకీ, అడవుల్లో సఫారీలకీ చాకిరీ చేసిన మారుతి జిప్సీకి ఇది వరసకి మనవడే. నేను కొన్నది జిమ్నీ, ఐదు తలుపులది. 2023 జూన్‌లో మార్కెట్లోకి వచ్చింది. నాకు రోడ్డు మీదకొచ్చేసరికి 16 లక్షలు దాటింది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నెలకి ఇద్దరు ముగ్గురైనా “అన్నా, ఇది రోజూ వాడుకోవచ్చా?” అని అడుగుతున్నారు. పెట్రోల్ బంకులో, ఆఫీసు లిఫ్టులో, ఒకసారైతే మియాపూర్ సిగ్నల్ దగ్గర పక్క కారాయన అద్దం దించి మరీ అడిగాడు. సిగ్నల్ పడేలోపు చెప్పగలిగే జవాబు కాదిది.

వాడుకోవచ్చు. ఎవరికి, అన్నదగ్గరే గొడవ. స్టీరింగ్ పట్టుకున్నవాడికి రోజూ పండగే. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు ఆ పండక్కి చందా కడుతుంటారు.

ముందు పండగ సంగతి చెప్తాను. బానెట్ బల్లపరుపుగా ఉంటుంది, కూర్చున్న చోటి నుంచి రెండు మూలలూ కనిపిస్తాయి. ఈ రోజుల్లో వచ్చే కార్లలో బానెట్ ఎక్కడ అయిపోతుందో దేవుడికే తెలియాలి, అందుకే ప్రతిదానికీ కెమెరాలు, కీచుమనే సెన్సర్లు. దీని వెడల్పు 1645 మిల్లీమీటర్లే. మా వెనక సందులో వాటర్ ట్యాంకర్ ఎదురొస్తే మిగతా కార్లవాళ్ళు రివర్స్ గేర్ వేస్తారు, నేను పక్కకి ఒదిగి నిలబడతాను. గుంతల సంగతైతే చెప్పక్కర్లేదు. కిందనుంచి 210 మిల్లీమీటర్ల ఎత్తు, 15 అంగుళాల చిన్న రిమ్ములు, వాటికి బొద్దుగా ఉన్న టైర్లు. ఇప్పుడందరూ అందం కోసం పెద్ద రిమ్ములూ, దోసెంత పల్చటి టైర్లూ వేసుకుని, మొదటి వానాకాలానికే రిమ్ము వంగిపోయిందని ఏడుస్తున్నారు చూడండి, ఆ బాధ నాకు లేదు. ఇంకో చిన్న విషయం. రూఫు అంచున తలుపుల మీదుగా చిన్న కాలువలాంటిది ఉంటుంది, పాత అంబాసిడర్‌కి ఉన్నట్టు. వానలో తలుపు తీస్తే పైన ఆగిన నీళ్ళు నెత్తిన పడవు. ఎవడో బుర్రపెట్టి గీశాడు అనిపిస్తుంది ప్రతిసారీ.

ఇక చందా.

ఈ బండి లారీ పద్ధతిలో కట్టింది. కింద నిచ్చెనలాంటి ఇనుప ఛాసీ, దాని మీద బాడీ. ముందూ వెనకా రెండు వైపులా చక్రాల మధ్య ఒకే మొద్దు ఇరుసు. ఎడమ చక్రం గుంతలో పడితే ఆ కబురు కుడి చక్రానికి కూడా వెంటనే అందుతుంది. మామూలు కార్లలో ముందు చక్రాలు దేనిదారిన అవి కదులుతాయి కాబట్టి కుదుపు కొంత అక్కడే చచ్చిపోతుంది. ఇక్కడ అది లోపలిదాకా వచ్చి, మనల్ని పలకరించి పోతుంది. రాళ్ళ గట్టు ఎక్కేటప్పుడు ఇదే ఇరుసు వరం. ఒక చక్రం పైకి లేస్తే రెండోది కిందకి నొక్కుకుని నేలని పట్టుకుంటుంది. లోపం అనడానికి వీల్లేదు, తయారీలోనే కుదుర్చుకున్న బేరం. కాకపోతే రాళ్ళ గట్లు నాకు ఏడాదికి రెండుసార్లు తగిలితే, మా కాలనీ స్పీడ్ బ్రేకర్లు రోజుకి పద్దెనిమిది తగులుతాయి. లెక్కపెట్టాను.

రోడ్డుకి అడ్డంగా పల్చటి గీతలు ఆరు చొప్పున వరసగా వేస్తారే, అవి మరీ ఘోరం. మెల్లగా పోతే ఊయల, జోరుగా పోతే జల్లెడ. ఒకరోజు అమ్మని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ముందు ఎక్కడమే పెద్ద కథ. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఎడమ కాలు లోపల పెట్టి, పైన హ్యాండిల్ అందక, నా భుజం పట్టుకుని, “ఒరేయ్ ఆగు, ఆగు” అంటూ కూర్చునేసరికి వెనక రెండు ఆటోలు హారన్ కొడుతున్నాయి. ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న ముక్కాలిపీట తెచ్చి డిక్కీలో పడేశాను. తిరుగు ప్రయాణంలో, “డాక్టరు కంట్లో చుక్కలు వేశాడు, నువ్వు పగలే చుక్కలు చూపిస్తున్నావు” అంది. నవ్వాను. అరగంట తర్వాత నడుము పట్టుకుని దిగుతుంటే నవ్వు రాలేదు.

డిక్కీ అన్నాను కదా, ఆ ముచ్చట కూడా వినండి. వెనక సీట్లు నిలబెట్టి ఉంచితే 208 లీటర్లు. అంటే ముక్కాలిపీట, ఒక బ్యాగు, రెండు ఆవకాయ జాడీలు. పాతిక కేజీల బియ్యం బస్తా పెడితే జాడీలు పిల్లల కాళ్ళ దగ్గరికి వస్తాయి. వెనక తలుపు పైకి లేవదు, పక్కకి తెరుచుకుంటుంది. మా సెల్లార్లో బండిని గోడకి ఆనించి పెడితే తలుపు తియ్యడానికి బండిని మళ్ళీ ముందుకి తియ్యాలి. బండి పొడవు 3985 మిల్లీమీటర్లే అయినా తిరిగేందుకు చోటు బాగానే అడుగుతుంది. ముందు చక్రాలకి కూడా ఇంజిన్ బలం వెళ్ళే ఏర్పాటు ఉండటంతో అవి ఓ హద్దు దాటి పక్కకి మళ్ళలేవు. దీనికన్నా పొడుగు కార్లు ఒక్క కటింగ్‌లో తిరిగే చోట నేను రెండు కటింగులు కొడతాను. వాచ్‌మన్‌కి నా మీద జాలి.

నాలుగు మీటర్ల లోపే కదా, జీఎస్టీ తగ్గిందటగా అని మా బావమరిది అడిగాడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం అయింది పొడవు నాలుగు మీటర్లు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ దాటని కార్లకి. ఇది 1462 సీసీ. 40 శాతం. సైజు చిన్నకారుది, పన్ను పెద్దకారుది.

మైలేజీ అడగొద్దు. సరే, అడిగారు. సిటీలో 11, 12. హైవే మీద 15 దాకా. ట్యాంకు 40 లీటర్లే కాబట్టి బంకు కుర్రాడు నన్ను పేరు పెట్టి పిలుస్తాడు. నార్కట్‌పల్లి దాటి అద్దంకి రోడ్డెక్కాక ఐదో గేరులో వంద మీద వెళ్తుంటే, ఆరో గేరు కోసం చెయ్యి దానంతటదే వెతుకుతుంది. లేదు. ఎదురుగాలికి డబ్బాలా నిలబడే ఆకారం, 105 హార్స్‌పవర్. లారీని దాటాలంటే ముందే మనసులో ఒకసారి గట్టిగా అనుకోవాలి.

ఇంత చెప్పాక అందరూ అడిగేది ఒకటే, మరి నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం ఇచ్చే ఫోర్ వీల్ డ్రైవ్ ఎన్నిసార్లు వాడావు? ఏడు. పద్నాలుగు నెలల్లో ఏడుసార్లు. అందులో ఒకటి ఫ్రెండుకి చూపించడానికి మాల్ సెల్లార్లో వేశాను, అది చెయ్యకూడని పని. ఇందులో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య తేడా సర్దే డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు దూరాలు తిరగాలి కదా. బురదలోనో ఇసకలోనో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. పొడి సిమెంటు మీద జారదు, ఆ బిగింపంతా గేర్ల మీద పడుతుంది. స్టీరింగ్ మొండికేసి, కిందనుంచి టకటకమని చప్పుడొస్తే గానీ నాకూ బుద్ధి రాలేదు.

మిగిలిన ఆరింటిలో ఒకటి చెప్పకపోతే మా ఊరోళ్ళు ఊరుకోరు. కిందటి అక్టోబర్లో వానలు వెలిసిన రెండో రోజు, మిరప చేలో నీళ్ళు నిలిచాయేమో చూద్దామని డొంక దారిన పడ్డాను. నడిచి పోవచ్చు. కానీ ఫోర్ బై ఫోర్ ఉన్నవాడు నడుస్తాడా? మాది నల్లరేగడి. ఎండితే బండరాయి, తడిస్తే జిగురు. యాభై గజాలు బ్రహ్మాండంగా పోయింది. తర్వాత బండి మెల్లగా పక్కకి జరగడం మొదలుపెట్టింది, నేను తిప్పకుండానే. “ఫోర్ లో” అని, నాలుగు చక్రాలనీ మెల్లగా, బలంగా తిప్పే గేరు ఉంటుంది, అది వేశాను. ఇంజిన్ మూలిగింది. దిగి చూస్తే టైరు గాట్లలో మట్టి నిండిపోయి, నాలుగు చక్రాలూ నున్నగా నల్లటి బూరెల్లా ఉన్నాయి. ఇక వాటికి పట్టు ఎక్కడిది? ఎన్ని చక్రాలకి బలం ఇస్తే ఏం లాభం?

మా పక్క చేను అబ్బాయి ట్రాక్టరేసుకుని వచ్చాడు. గట్టు మీద ఆపి, దిగకుండా కాసేపు చూశాడు.

“బాబాయ్, దీనికి నాలుగు చక్రాలూ తిరుగుతాయన్నావుగా?”

“తిరుగుతున్నాయిగా.”

“తిరుగుతున్నాయిలే. అక్కడే.”

మోకు కట్టి లాగాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఊరంతా చెప్పుకునే హక్కు తీసుకున్నాడు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. జనవరిలో అదే చేను అవతల సున్నపురాళ్ళ గట్టు ఎక్కించాను. ఒక వెనక చక్రం గాల్లోకి లేచి ఉత్తినే తిరిగింది, క్షణంలో బండే దానికి బ్రేకు పట్టి, నేల మీదున్న చక్రానికి బలం మళ్ళించింది. 1200 కేజీల బండి మేకపిల్లలా ఎక్కేసింది. ఆ ట్రాక్టర్ అబ్బాయి అప్పుడు ఊళ్ళో లేడు. నా కర్మ.

వీడియోలు చూసి కొనేవాళ్ళతో నా గొడవంతా ఇక్కడే. ఫోర్ బై ఫోర్ అంటే కవచకుండలాలు అనుకుంటున్నారు. కదలడానికి నాలుగు చక్రాలు సాయం చేస్తాయి, నిజం. ఆగడానికి? చిన్న కారుకైనా దీనికైనా బ్రేకులు నాలుగే, తడి రోడ్డు మీద టైరు పట్టు అంతే. వానలో జాగ్రత్త దీనికే ఎక్కువ కావాలి, ఎత్తు బండి కాబట్టి. హైదరాబాద్‌లో గట్టి వాన పడితే అండర్‌పాస్ కింద నీళ్ళు ఆగుతాయి, అక్కడ ఓ పది కార్లు ఆగుతాయి, వెంటనే వెనకనుంచి “నీది జీపేగా, పోనీయ్ అన్నా” అని ఒకడు. ఇది పడవ కాదు బాబూ. గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు పోతే ఇంజిన్ పట్టేస్తుంది. ఆ రిపేరు మామూలు ఇన్సూరెన్స్‌లో సాధారణంగా రాదు, దానికి విడిగా యాడాన్ తీసుకోవాలి. నేను తీసుకున్నాను, అయినా దిగను.

కొన్న నెలలోనే ఒక యాక్సెసరీస్ షాపువాడు నన్ను పట్టుకున్నాడు. ముందు ఇనుప కమ్మి, పెద్ద టైర్లు, రెండంగుళాల లిఫ్టు, రూఫ్ మీద లైట్లు. “లేకపోతే లుక్కే ఉండదు సార్.” ముందు కమ్మీలు పెట్టొద్దని కేంద్ర రవాణా శాఖ 2017లోనే రాష్ట్రాలకి రాసింది. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోవచ్చు, ఎదుటి మనిషికి దెబ్బ ఎక్కువ. టైర్ల సైజు మార్చి, బండి ఎత్తు పెంచితే బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. ఇవన్నీ చెప్తే వాడు నన్ను ఎలా చూశాడంటే, పెళ్ళికొచ్చి భోజనం వద్దన్నవాణ్ణి చూసినట్టు.

ఒక వింత కూడా చెప్పాలి. మన దగ్గర ఈ బండిని డిస్కౌంట్లు ఇచ్చి అమ్మాల్సి వచ్చింది. ఇదే బండి, గురుగ్రామ్‌లో తయారైందే, 2025 జనవరిలో నోమేడ్ అనే పేరుతో జపాన్‌లో ప్రకటిస్తే నాలుగు రోజుల్లో 50,000 ఆర్డర్లు వచ్చి, ఇక చాలని బుకింగులు ఆపేశారు. “మనవాళ్ళకి విలువ తెలియదు” అని జిమ్నీ వాళ్ళు మాట్లాడుకుంటుంటారు. నేనూ అన్నాను కొన్నాళ్ళు. ఇప్పుడు అనను. మనవాళ్ళు కారు కొనేముందు వెనక సీట్లో ముగ్గురు పడతారా అని చూస్తారు. దాన్ని చాదస్తం అనుకునేవాణ్ణి.

ఇప్పుడలా అనుకోను. అసలు విషయం ఇప్పటిదాకా దాచాను. ఇందులో సీట్లు నాలుగు. బెల్టులు నాలుగు. మా ఇంట్లో మనుషులు ఐదుగురు.

కొనేటప్పుడు నాకు తెలియదా? తెలుసు. మా ఆవిడ షోరూమ్‌లోనే అడిగింది, “మరి అత్తయ్యగారు?” అని. “అమ్మ ఎప్పుడో గానీ రాదుగా” అన్నాను. ఆ మాట నోట్లోంచి రావడం ఇప్పటికీ గుర్తుంది. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు, చేతిలో బ్రోచర్ మడిచి బ్యాగులో పెట్టుకుంది. నేను అప్పటికే బానెట్ వైపు చూస్తున్నాను.

అమ్మేస్తావా అంటే, అమ్మను. పొద్దున్నే ఆఫీసుకి ఒక్కణ్ణే వెళ్ళేటప్పుడు, ఆ నలభై నిమిషాలు నాకు నేను ఇరవై ఏళ్ళవాడిలా అనిపిస్తాను. సెకండ్ హ్యాండ్‌లో ఇంకో చిన్న కారు చూద్దాం అంటోంది మా ఆవిడ, వెనక తలుపు పైకి లేచేది, అమ్మ పీట లేకుండా ఎక్కగలిగేది. ఈఎంఐ లెక్కలు వేస్తున్నాం.

సంక్రాంతికి ఊరెళ్ళాలి. నిన్న రాత్రి భోంచేస్తుంటే అమ్మ అంది, “నాకు బస్సు టికెట్టు చెయ్యరా నాన్నా. కిటికీ పక్కన. మీరు జీపులో రండి.”