కొల్లూరులో ఇల్లొచ్చింది, పని మాత్రం బస్తీ దగ్గరే ఉండిపోయింది

తెలంగాణ ప్రభుత్వం పేదలకి కట్టించిన డబుల్ బెడ్రూం ఇళ్ల మాట ఎత్తితే అందరూ ముందు గోడల క్వాలిటీ, స్లాబు లీకేజీ గురించే అడుగుతారు. నేను ముందు అడిగేది ఆ ఇల్లు ఎక్కడుంది, పక్కింట్లో ఎవరున్నారు అని.

సికింద్రాబాద్ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీనే చూడండి. ఈ పథకంలో మొదట పూర్తయింది అదే, 2015లో. పాత ఇళ్లు తీసేసి అదే స్థలంలో 396 ఇళ్లు, గ్రౌండ్ మీద రెండే అంతస్తులు వేసి, అక్కడివాళ్లకే ఇచ్చారు. దాంతో పనికెళ్లే దారి మారలేదు, అవసరానికి చేబదులిచ్చే పొరుగువాళ్లూ దూరం కాలేదు. పై అంతస్తు నుంచి పిలిస్తే కింద ఆడుకునే పిల్లాడికి వినిపిస్తుంది.

హైదరాబాద్ శివార్లలోని కొల్లూరుకి వచ్చేసరికి లెక్కే మారిపోయింది. 2023లో ప్రారంభించిన ఆ కాలనీలో 117 బ్లాకులు, 15,660 ఫ్లాట్లు. ఒక్కోటి 560 చదరపు అడుగులు, రెండు బెడ్రూంలు, హాలు, వంటగది. ఇంటి ప్లాన్‌కి పెద్దగా వంక పెట్టలేం, ఒక్క గదిలో ఆరుగురు సర్దుకున్న కుటుంబానికి అది ఎంత పెద్ద ఊరటో నాకు తెలుసు. కానీ అది ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర. సిటీ మధ్యలో నాలుగిళ్లలో పనిచేసే ఆమె, పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీ ఇల్లు చూసుకునేదే పనికి నడిచి వెళ్లగలిగే దూరంలో. పైగా కేటాయింపు డ్రా తీసి చేశారు కాబట్టి, పక్కపక్క ఇళ్లలో బతికినవాళ్లకి పక్కపక్క ఫ్లాట్లు వస్తాయన్న నమ్మకం లేదు.

తర్వాత తనిఖీలు చేస్తే తాళాలు వేసినవి, అద్దెకిచ్చినవి బయటపడ్డాయి, వెంటనే లబ్ధిదారుల్నే తప్పుపట్టారు. ఇది అన్యాయం. రోజు కూలీలో కొంత బస్సులకీ షేర్ ఆటోలకీ పోతుంటే, మళ్లీ తాము ముందున్న బస్తీ పక్కనే గది అద్దెకి తీసుకోవడం వాళ్లకి తెలిసిన లెక్క.

ప్రభుత్వ భూమి ఖాళీగా ఉన్నచోట, ఎకరానికి పట్టినన్ని ఫ్లాట్లు వేయాలనుకుంటే తొమ్మిది పది అంతస్తులు లేపక తప్పదు. అప్పుడు లిఫ్టు ఆగితే ముసలివాళ్లు కిందికి దిగరు, సాయంత్రం అరుగు మీద కబుర్లూ ఉండవు. అంటే భూమి ఎంచుకున్న రోజే సగం డిజైన్ అయిపోయింది, ఆర్కిటెక్టు చేతికి వచ్చింది మిగిలిన సగమే.

ఇంకో కాలనీకి టెండర్ పిలిచే ముందు డ్రాయింగ్‌తో పాటు ఈ మూడూ రాసి చూపించమనండి: పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి, అంగన్‌వాడీ ఏ బ్లాకులో, ఒకే బస్తీ వాళ్లకి ఒకే బ్లాకు ఇస్తారా ఇవ్వరా.