సవరణ: మారుమూల ఊళ్ల రవాణా, కర్బన ఉద్గారాల లెక్క

"మారుమూల ప్రాంతాల్లో రవాణా వల్ల వచ్చే తలసరి కర్బన ఉద్గారాలు నగరాల కంటే ఎక్కువగా ఉండొచ్చు" అని ఇంతకుముందు రాశాను. అక్కడివాళ్లు ఇంధనం దుబారా చేస్తున్నారని కొందరు దాన్ని అర్థం చేసుకున్నారు. నా ఉద్దేశం అది కాదు.

కెనడా ఉత్తర కొసన ఉన్న మంచు ప్రాంతం నునావుట్‌నే తీసుకోండి. అక్కడ 25 ఊళ్లున్నాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి రోడ్డు లేదు. సముద్రంలో మంచు కరిగిన కొద్ది నెలల్లోనే ఓడల మీద ఏడాదికి సరిపడా డీజిల్, బరువైన సామాను దిగుతాయి. మిగతా కాలమంతా పాలు, కూరగాయలు రావాలన్నా, గర్భిణిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలన్నా విమానమే దిక్కు. కిలో విమాన ఇంధనం కాలితే సుమారు 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ భారమంతా కొద్దిమంది జనాభా మీదే పడుతుంది. ఈ ప్రయాణాలనూ, సరదా ప్రయాణాలనూ ఒకే గాటన కట్టడం అన్యాయం.

లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుందన్న అంకె గురించి కూడా కొందరు అడిగారు. లీటరు డీజిల్ కిలో బరువు కూడా ఉండదు కదా, అంత ఎలా వస్తుందని. కాలేటప్పుడు డీజిల్‌లోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది. అలా వచ్చిన కార్బన్ డయాక్సైడ్ బరువులో ఎక్కువ భాగం ఆక్సిజన్‌దే. అయితే ఇది ఇంజన్‌లో కాలినదాని లెక్క మాత్రమే. డీజిల్‌ను శుద్ధి చేసి అంత దూరం చేర్చడానికి ఖర్చయిన ఇంధనం ఇందులో లేదు.

ఇక ఎలక్ట్రిక్ బండ్లంటారా, కరెంటు కూడా డీజిల్ జనరేటర్ల నుంచే వచ్చే చోట వాటివల్ల కలిసొచ్చేది తక్కువే. ముందు సోలారో, గాలిమరలో రావాలి.