సవరణ: ఆ గడ్డం దాచడానికి కాదు

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1979లో మొదలై, క్రైస్తవ సన్యాసినుల వేషంలో స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం, సేవ కోసం పనిచేసే 'సిస్టర్స్ ఆఫ్ పర్పెచ్యువల్ ఇండల్జెన్స్' బృందాన్ని మొన్న స్థానం నరసింహారావు గారితో పోల్చి, "వినోదానికి ఆడవేషం కట్టేవారు" అని రాశాను. రెండు మాటలూ తప్పే. స్థానం వారు సత్యభామగా రంగం మీదికి వస్తే మగవాడన్న ఆనవాలే కనిపించేది కాదు. ఈ సిస్టర్లది పూర్తిగా ఎదురు దారి. తలపై సన్యాసినుల ముసుగు, ముఖాన సున్నంలా తెల్లరంగు, చాలామందికి దాని కిందే గుబురు గడ్డం! ఆడా మగా అన్న గీత చెరగాలనే దాన్ని ఉంచుకుంటారు. ఇక వినోదమంటారా, ఎయిడ్స్‌కు ఇంకా పేరైనా స్థిరపడని 1982లోనే వీరు సురక్షిత శృంగారంపై కరపత్రం పంచారు. ఆ పనిలో వృత్తిరీత్యా నర్సులైన సిస్టర్లూ ఉన్నారు. వారిని చిన్నబుచ్చినందుకు మన్నించండి.